ప్రైమరీ పిల్లలకు ఇంగ్లీషు సర్వనామాలు: నాలుగు వారాల్లో నేర్పే పద్ధతి

"ఐ, యు, హి, షి, ఇట్, వి, దే" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లాడే, గ్రౌండులో తొక్కుడుబిళ్ళ ఆడుతున్న అక్కను చూపించి ఏం చేస్తోందో చెప్పమంటే "హి ఈజ్ ప్లేయింగ్" అంటాడు. పరీక్షలో ఖాళీలు నింపి పూర్తి మార్కులు తెచ్చుకున్న పాప "మి హంగ్రీ టీచర్" అంటూ వస్తుంది. దీన్ని ఎలా సరిచేయాలని తోటి టీచర్లూ, ఇంట్లో పిల్లల్ని చదివించుకునే అమ్మానాన్నలూ తరచూ అడుగుతున్నారు. 3, 4 తరగతులకు నేను పాటించే క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను. రోజుకు 20 నిమిషాలు, వారానికి 5 రోజులు, మొత్తం 4 వారాలు పడుతుంది. మొదటి రెండు వారాలు పిల్లలతో ఒక్క ముక్క కూడా రాయించక్కర్లేదు.

1. ముందు టీచరు గమనించాల్సినవి

పిల్లల తప్పుల్లో చాలావరకు అజాగ్రత్త వల్ల వచ్చేవి కావు. తెలుగు నుంచి నేరుగా వచ్చేవే. ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిస్తే సగం పని అయినట్టే.

తెలుగులో "వచ్చాను" అంటే చాలు, "నేను" అని వేరే చెప్పక్కర్లేదు. వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చాం, వచ్చారు, వచ్చాయి. ఎవరొచ్చారో క్రియ తోకే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో వీటన్నిటికీ "కేమ్" ఒక్కటే. దాని ముందు ఐ, హి, షి లాంటిది పెడితేగానీ ఎవరొచ్చారో తెలియదు. మనకు క్రియ తోక చేసిపెట్టే పనిని వాళ్ళకు సర్వనామం చేస్తుంది. అందుకే మన పిల్లలు సర్వనామాన్ని సులువుగా వదిలేస్తారు, లేదా నోటికొచ్చింది పెట్టేస్తారు. వాళ్ళ చెవి ఎప్పుడూ వాక్యం చివర్నే వింటుంది మరి.

రెండోది "వచ్చింది". అక్క వచ్చింది, గేదె వచ్చింది, బస్సు వచ్చింది. మూడింటికీ ఒకటే తోక. పైగా ఇంట్లో చిన్నదాన్ని "అది పడుకుంది" అనే అంటాం. చెల్లెల్ని "ఇట్" అనడం ఇక్కడి నుంచే వస్తుంది.

మూడోది బహువచనం. మనుషులైతే వాళ్ళు వచ్చారు, మేకలైతే అవి వచ్చాయి. ఇంగ్లీషులో రెండూ "దే". నాలుగోది గౌరవం. సార్ ఒక్కరే అయినా మనం "వచ్చారు" అంటాం.

తరగతిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే మరో సంగతి గుర్తుంచుకోండి. అతనికీ, ఆమెకీ, దానికీ వాళ్ళ మాట "వో" ఒకటే. హి, షి దగ్గర వాళ్ళకు ఇంకో వారం ఇవ్వండి.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

☐ పాత నోటుబుక్కు అట్టలతో ఒక్కొక్కరికి 7 ముక్కలు. వాటి మీద ఐ, యు, హి, షి, ఇట్, వి, దే పెద్దగా రాసి ఉండాలి.
☐ మెత్తటి బంతి ఒకటి.
☐ పాత క్యాలెండర్లు, పేపర్ల నుంచి కత్తిరించిన 12 బొమ్మలు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, తాతయ్య, బస్సు నడిపే మహిళ, వంట చేస్తున్న మగమనిషి, కుక్క, కుర్చీ, ఇద్దరమ్మాయిలు, పిల్లల గుంపు, కోళ్ళు, మామిడికాయలు, సైకిళ్ళు.
☐ పిల్లలకు ముందే తెలిసి ఉండాల్సిన పది పనులు: ఈటింగ్, డ్రింకింగ్, ప్లేయింగ్, రీడింగ్, రైటింగ్, స్లీపింగ్, రన్నింగ్, కమింగ్, గోయింగ్, సింగింగ్.
☐ పిల్లల పేర్లు రాసి, పక్కన గళ్ళు గీసిన కాగితం.

అబ్బాయిల కార్డుకు నీలం, అమ్మాయిల కార్డుకు గులాబీ రంగు వేయకండి. పిల్లలు రంగు చూసి చెప్పేస్తారు, రంగు తీసేసిన రోజు మళ్ళీ మొదటికొస్తారు. సర్వనామాల పూర్తి పట్టికను గోడకు తగిలించే పని కూడా నాలుగో వారందాకా వద్దు.

3. మొదటి రోజు: ఎవరికి ఏం వచ్చో చూడటం

పాఠం చెప్పకండి. ఒక్కొక్కరినీ పిలిచి నాలుగు బొమ్మలు చూపించి "వాట్ ఈజ్ హ్యాపెనింగ్?" అని అడగండి. అర్థం కాకపోతే తెలుగులోనే అడగండి, జవాబు మాత్రం ఇంగ్లీషులో రావాలి. తప్పు దిద్దొద్దు. ఏ సర్వనామం వాడారో గళ్ళలో రాసుకోండి, అంతే. 30 మంది ఉంటే రెండు రోజులు పడుతుంది, పట్టనివ్వండి. నాలుగో వారం చివర ఇదే కాగితం మళ్ళీ కావాలి.

4. ఐ, యు

సుద్దముక్కతో నేల మీద గుండ్రంగా గీసి, గీత మీద పిల్లల్ని నిలబెట్టండి. బంతి పట్టుకున్నవాళ్ళు గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఐ యామ్ రవి" అంటారు. ఎవరికి విసురుతున్నారో వాళ్ళకేసి అరచెయ్యి చాచి "యు ఆర్ లత" అంటారు. రెండు రోజులు చాలు.

ఇక్కడ వచ్చే తప్పు ఒకటుంది. "ఆర్ యు హంగ్రీ?" అని అడిగితే "ఎస్, యు ఆర్ హంగ్రీ" అంటారు. విన్న మాటే తిరిగి అప్పజెప్పడమన్నమాట. వివరిస్తూ కూర్చోకండి. ఆ పిల్లాడి చెయ్యిని వాడి గుండె మీద పెట్టించి మళ్ళీ అడగండి. చెయ్యి అక్కడుంటే "ఐ" దానంతటదే వస్తుంది.

టీచర్ని "యు" అనడానికి కొందరు జంకుతారు. నువ్వుకీ, మీరుకీ అదొక్కటే మాటని చెప్పి, వాళ్ళచేత మీతోనే పదిసార్లు "యు ఆర్ మై టీచర్" అనిపించండి.

5. హి, షి

ఎక్కువ ఓపిక పట్టాల్సింది ఇక్కడే. ఒక నియమం మాత్రం తప్పకండి. హి, షి రెండూ ఒకే రోజు చెప్పొద్దు. పక్కపక్కన రాసి చెప్తే జంటగా గుర్తుండిపోతాయి, ఏది ఎవరిదో మాత్రం గుర్తుండదు. ముందు రెండు రోజులు "షి" ఒక్కటే చెప్పండి. అది స్థిరపడ్డాక "హి" తీసుకోండి. షి ఎందుకు ముందంటే, తెలుగు పిల్లలు తడబడేది దాని దగ్గరే.

మొదటి మెట్టు వినడం. తరగతిలో ఒక అమ్మాయిని నిలబెట్టి మీరే చెప్పండి: "దిస్ ఈజ్ లత. షి ఈజ్ ఇన్ క్లాస్ త్రీ. షి హాజ్ ఎ రెడ్ బ్యాగ్. షి ఈజ్ స్మైలింగ్." ప్రతి "షి"కీ పిల్లలు ఆమె వైపు చెయ్యి చూపించాలి. మాట్లాడించొద్దు. నలుగురైదుగురు అమ్మాయిలతో ఇలా చేశాక బొమ్మల్లో బస్సు నడిపే ఆవిడను చూపించండి.

రెండో మెట్టు ఎంచుకోవడం. "హి" కూడా చెప్పాక పిల్లలు రెండు కార్డులూ చేతిలో పట్టుకుంటారు. మీరు పేరు చెప్తే కార్డు ఎత్తాలి. పేర్లు అయిపోయాక మై మదర్, మై అంకుల్, ద పోస్ట్‌మ్యాన్, యువర్ సిస్టర్ లాంటివి అడగండి.

మూడో మెట్టు మాట్లాడటం. ఇద్దరిద్దరు చొప్పున బయటకు పంపి, కిటికీలోంచి చూసి వాళ్ళేం చేస్తున్నారో మిగతావాళ్ళతో చెప్పించండి. నిజంగా కళ్ళముందు జరిగేదాని గురించి చెప్పించడానికి మించిన అభ్యాసం నాకింతవరకూ దొరకలేదు.

కొందరు "షి"ని "సి" అంటారు. పెదవుల మీద వేలు పెట్టి, అల్లరి ఆపమన్నట్టు "ష్..." అనమనండి. ఆ శబ్దం మీదే "షి" కట్టమనండి.

ఇక గౌరవం సంగతి. ఒకసారి పెద్ద సార్ వరండాలో వస్తుంటే మూడో తరగతి పాప "దే ఆర్ కమింగ్" అంది. సార్ ఒక్కరే కదమ్మా, "హి" అను అన్నాను. తల వంచుకుంది. మళ్ళీ అడిగితే దగ్గరికొచ్చి నెమ్మదిగా, "హి అంటే వాడు కదా టీచర్, సార్‌ని అట్లా అనొచ్చా?" అంది. అంతకు ముందు వారం బోర్డు మీద "హి అంటే వాడు" అని రాసింది నేనే. ఆ పాప నేను చెప్పింది బుద్ధిగా నమ్మింది, దాని ప్రకారమే నడుచుకుంది. అప్పటి నుంచి అర్థం రాయాల్సి వస్తే హికి వాడు, అతను, ఆయన అని మూడూ రాస్తాను. షికి ఆ పిల్ల, ఆమె, ఆవిడ అని రాస్తాను. ఇంగ్లీషులో గౌరవం సర్వనామంలో ఉండదు, గొంతులో, మర్యాద మాటల్లో ఉంటుందని పిల్లలకు తప్పకుండా చెప్పండి. వాళ్ళ సంకోచం తీరుతుంది.

6. ఇట్

వస్తువుకూ, జంతువుకూ "ఇట్" వాడటం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. పెంపుడు కుక్కను ఇంగ్లీషువాళ్ళు హి, షి అని కూడా అంటారుగానీ, ఈ వయసులో ఆ ముచ్చట ఎత్తకండి.

కష్టమంతా ఏ వస్తువూ లేని "ఇట్"తోనే. "వాన పడుతోంది" అనమంటే "రెయిన్ ఈజ్ కమింగ్" అంటారు. "ఇట్ ఈజ్ రెయినింగ్" అని మీరంటే "ఇట్ అంటే ఏది టీచర్?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. ఏదీ కాదు, ఇంగ్లీషు వాక్యంలో ముందు కుర్చీ ఖాళీగా ఉండకూడదు, ఎవరూ లేకపోతే "ఇట్" వచ్చి కూర్చుంటుంది అని చెప్పండి. పిల్లలకు ఇది చక్కగా ఎక్కుతుంది. రోజూ హాజరు వేశాక మూడు వాక్యాలు అందరితో చెప్పించండి: "ఇట్ ఈజ్ మండే. ఇట్ ఈజ్ టెన్ ఓక్లాక్. ఇట్ ఈజ్ హాట్ టుడే." నెల తిరిగేసరికి అలవాటైపోతుంది.

7. వి, దే

మనం, మేము రెండూ "వి". పిల్లలు దీని దగ్గర పెద్దగా తడబడరు.

"దే" మాత్రం మనుషులతో మొదలుపెట్టకండి. మామిడికాయలతో మొదలుపెట్టండి. మనుషులకు "దే" ఎలాగూ తొందరగా వస్తుంది. కాయలకూ కోళ్ళకూ అది రావడమే ఆలస్యం. ముందే మనుషులతో బిగించేస్తే వస్తువులకు "ఇట్ ఆర్" అనడం మొదలవుతుంది. ఒక మామిడికాయ బొమ్మ చూపించి "ఇట్ ఈజ్ గ్రీన్", మూడింటిని చూపించి "దే ఆర్ గ్రీన్". తర్వాత కోళ్ళు, సైకిళ్ళు. ఆ తర్వాతే మనుషులు.

యామ్, ఈజ్, ఆర్ విడిగా చెప్పక్కర్లేదు. ఐ యామ్, షి ఈజ్, దే ఆర్ అని మొదటి నుంచీ జంటగానే పలికించండి.

8. తోక ఆట

రెండో వారం చివర ఈ ఆట ఆడించండి. ఇందుకోసమే మొదట్లో క్రియ తోక గురించి అంత చెప్పాను.

పిల్లలందరి దగ్గరా ఏడు కార్డులూ ఉంటాయి. మీరు తెలుగులో క్రియ ఒక్కటే అంటారు. వాళ్ళు కార్డు ఎత్తాలి. "వచ్చాను" అంటే ఐ. "వచ్చాడు" అంటే హి. "వచ్చాయి" అంటే దే. వీటికి రెండు జవాబులుండవు, సూటిగా పోతాయి.

ఇప్పుడు "వచ్చింది" అనండి. సగం మంది షి ఎత్తుతారు, సగం మంది ఇట్. వాళ్ళలో వాళ్ళే వాదించుకుంటారు, కాసేపు వాదించుకోనివ్వండి. ఎవరో ఒకరు "ఎవరు టీచర్? ఏది టీచర్?" అని అడుగుతారు. మీకు కావాల్సిందదే. "అక్క" అనగానే షి, "లారీ" అనగానే ఇట్. తర్వాత "వచ్చారు" అనండి. సార్ ఒక్కరేనా, అమ్మమ్మా, నలుగురు చుట్టాలా, ఎదురుగా ఉన్న మీరేనా? హి, షి, దే, యు నాలుగూ కుదురుతాయి. అడిగి తెలుసుకోకుండా కార్డు ఎత్తకూడదని పిల్లలకే అర్థమవుతుంది.

క్రియను మీ పిల్లలు మాట్లాడే తెలుగులోనే అనండి. తెలంగాణలో వచ్చిండు, వచ్చిన్రు, వచ్చినయ్ అనండి. రాయలసీమలో వచ్చినాడు, వచ్చినారు అనండి. పుస్తకాల తెలుగుతో ఈ ఆట ఆడితే సగం పట్టు పోతుంది. నాలుగు రోజులకు మించి మాత్రం ఆడించకండి, లేకపోతే ప్రతి వాక్యాన్నీ తెలుగు నుంచి మార్చుకోవడం అలవాటవుతుంది.

9. మై, యువర్, హిజ్, హర్, అవర్, దెయిర్

మూడో వారం మొత్తం దీనికే. అందరి బ్యాగులూ ముందు కుప్పగా పెట్టి, ఒక్కొక్కటి ఎత్తి "హూజ్ బ్యాగ్ ఈజ్ దిస్?" అని అడగండి. "ఇట్ ఈజ్ హర్ బ్యాగ్" అని చెప్తూ తీసుకెళ్ళి ఆమెకే ఇవ్వాలి.

ఇక్కడ రెండు గోతులున్నాయి.

మొదటిది "తన". రవి తన బ్యాగు తెచ్చాడు, లత తన బ్యాగు తెచ్చింది. తెలుగులో ఇద్దరికీ ఒకటే మాట. ఇంగ్లీషులో ఒకటి హిజ్, ఇంకోటి హర్. దానికితోడు పిల్లలు పక్కనున్న మాటను చూసి మోసపోతారు. "లత అండ్ హిజ్ బ్రదర్" అంటారు, బ్రదర్ అబ్బాయి కదా అని. ఒక దారం తీసుకుని తమ్ముడు పాత్ర వేసే పిల్లాడి చేతి నుంచి లత చేతికి కట్టండి. దారం ఎవరి దగ్గర ముగిసిందో వాళ్ళను బట్టి హిజ్, హర్. రెండుసార్లు దారంతో చేస్తే మూడోసారి దారం అక్కర్లేదు.

రెండోది "మా". మనం నా అమ్మ అనం, మా అమ్మ అంటాం. అందుకని ఒక్కడే మాట్లాడుతూ "అవర్ మదర్ ఈజ్ కుకింగ్, అవర్ హౌస్ ఈజ్ స్మాల్" అంటాడు. ఇంగ్లీషులో ఒక్కరే చెప్తున్నప్పుడు సాధారణంగా "మై మదర్". అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి చెప్తుంటే "అవర్ మదర్". తరగతిలో అలాంటి జంట ఉంటే వాళ్ళనే లేపి చెప్పించండి.

నాది, నీది అర్థంలో వచ్చే మైన్, యువర్స్ ఇదే వారంలో కలిపేయండి. దొరికిన పెన్సిళ్ళన్నీ డబ్బాలో వేసి "ఈజ్ దిస్ యువర్స్?" "నో, ఇట్ ఈజ్ హర్స్" అని నడిపిస్తే అరగంటలో వచ్చేస్తుంది.

10. మి, హిమ్, హర్, అస్, దెమ్

నన్ను, నాకు, నాతో, నా దగ్గర అన్నిటిలోనూ సర్వనామం "మి" ఒక్కటే. ఈ మాట చెప్తే పిల్లల మొహాలు వెలిగిపోతాయి. మధ్యాహ్న భోజనం వేళే దీనికి పాఠం. గుడ్లు పంచే చోట నిలబడి "గివ్ హిమ్ ఎన్ ఎగ్", "గివ్ దెమ్ వాటర్" అని పిల్లలతోనే చెప్పించండి. "హర్" రెండు చోట్లా వస్తుందేమిటని పిల్లలు అడిగితే చెప్పండి, అడక్కపోతే వదిలేయండి.

"మి హంగ్రీ", "మి నో" రావడానికి కారణం "నాకు ఆకలేస్తోంది", "నాకు తెలుసు". మన "నాకు"ను వాళ్ళు పదానికి పదం మార్చేస్తారు. దీనికి వ్యాకరణం పనిచేయదు. ఈ ఆరూ మొత్తం వాక్యాలుగా నోటికి పట్టించండి:

☐ నాకు ఆకలేస్తోంది: ఐ యామ్ హంగ్రీ
☐ నాకు దాహమేస్తోంది: ఐ యామ్ థర్స్టీ
☐ నాకు తెలుసు: ఐ నో
☐ నాకు పెన్సిల్ కావాలి: ఐ వాంట్ ఎ పెన్సిల్
☐ నాకు ఇద్దరు అన్నలున్నారు: ఐ హావ్ టూ బ్రదర్స్
☐ నాకు జ్వరంగా ఉంది: ఐ హావ్ ఎ ఫీవర్

11. రాత

పేరు పదేపదే వచ్చే ఆరు వాక్యాల పేరా బోర్డు మీద రాయండి. మొదటి వాక్యంలో పేరు ఉంచి, మిగతా చోట్ల సర్వనామాలు పెట్టి మళ్ళీ రాయమనండి. మర్నాడు అదే పేరాలో రెండో అబ్బాయిని చేర్చండి. ఇప్పుడు "హి" అంటే ఎవరో తెలియకుండా పోతుంది. అలాంటి చోట పేరే రాయాలని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టాలి.

ఖాళీలు నింపడం మీద ఆధారపడకండి. ఖాళీ పక్కనే "గర్ల్" అని ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు.

రాతలో చూడాల్సినవి: "నేను" అనే ఐ ఎప్పుడూ పెద్ద అక్షరమే. "దాని" అనే ఇట్స్‌కు పైన కామా ఉండదు, "ఇట్ ఈజ్" కలిసిన ఇట్స్‌కు ఉంటుంది. "నేనూ రవీ" అనే చోట "రవి అండ్ ఐ" అని తను వెనక్కి తగ్గాలి.

12. దిద్దే పద్ధతి, మిగిలిన తప్పులు

మాట్లాడుతుంటే మధ్యలో ఆపకండి. "హి ఈజ్ ప్లేయింగ్" అని అక్క గురించి అంటే, "ఓ, షి ఈజ్ ప్లేయింగ్?" అని షి మీద కాస్త ఒత్తిపెట్టి కబుర్లలోనే అనండి. రెండోసారీ అదే తప్పు వస్తే కార్డు చూపించండి.

"మై ఫాదర్ హి ఈజ్ ఎ ఫార్మర్" అని రెండూ వాడితే, ముందు కుర్చీలో ఒక్కరికే చోటని గుర్తుచేయండి. "గోయింగ్ టు హోమ్" అని సర్వనామం వదిలేస్తే, ఖాళీ కుర్చీ మీద కొట్టి చూపించండి. నేను నిజంగానే తరగతి ముందు ఒక కుర్చీ వేసి ఉంచుతాను. వాక్యం మాత్రం "ఐ యామ్ గోయింగ్ హోమ్" అని పూర్తిగా మీరు పలికి వినిపించండి.

ఒకే టీచరు అన్ని తరగతులూ చూసుకునే బడిలో అయితే బంతి ఆట, బ్యాగుల ఆట ఐదో తరగతి పిల్లలతో నడిపించండి. ఇంట్లో నేర్పే అమ్మానాన్నలకు కార్డులు కూడా అక్కర్లేదు. ఫోన్లో పెళ్ళి ఫోటోలు తెరిచి, ఒక్కో ఫోటోకు మూడు వాక్యాలు చెప్పించండి. అత్త, బాబాయి, చుట్టాల గుంపు, మండపం అన్నీ అందులోనే ఉంటాయి.

13. చివరి పరీక్ష

ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. మొదటి రోజు చూపించిన నాలుగు బొమ్మలే మళ్ళీ చూపించి, పాత గళ్ళ పక్కనే కొత్తవి నింపండి.

☐ ఆగకుండా హి, షి సరిగ్గా వచ్చాయా?
☐ కోళ్ళకు "దే ఆర్" అన్నారా?
☐ సార్‌ని "హి" అన్నారా?
☐ "లత అండ్ హర్ బ్రదర్" వచ్చిందా?
☐ "మై మదర్" అన్నారా, "అవర్ మదర్" అన్నారా?
☐ "ఐ యామ్ హంగ్రీ" పూర్తిగా వచ్చిందా?
☐ "ఇట్ ఈజ్ రెయినింగ్" వచ్చిందా?

ఏడింటిలో ఐదు వస్తే ముందుకు వెళ్ళండి. దసరా సెలవుల తర్వాత ఇదే పరీక్ష మళ్ళీ పెట్టండి. ముందుగా జారిపోయేవి షి, హర్. ఆ రెండు చోట్ల ఎక్కువ తప్పులు కనిపిస్తే ఐదో భాగంలోని కిటికీ ఆట, తొమ్మిదో భాగంలోని దారం ఆట చెరో రెండు రోజులు ఆడించండి. మిగతావాటికి తిరిగి వెళ్ళక్కర్లేదు.